వంతెన వైపు తిరిగిన ముఖం

చెప్పండి. ఆ సాయంత్రం నడక వంతెన మీద నిలబడి మీరేం చూశారు?

దీపాలు చూశాం, పడవలు చూశాం, నీళ్ళ మీద ఎర్రటి సూర్యుణ్ణి చూశాం అనకండి. అవి అందరూ చూస్తారు. వాటికోసమే కదా మా హోయ్ అన్ ఊరికి వస్తారు. నేనడిగేది వాటి తరవాతి సంగతి. పసుపురంగు పడవ ఒకటి నది మధ్యలో ఆగిపోయింది. దాని వెనక భాగంలో ఒక ముసలిది పక్కకి వంగి నీళ్ళలోంచి దేన్నో పైకి లాగింది. మీరంతా కమ్మీలకి ఆనుకుని, ఒకరి భుజం మీదుగా ఒకరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆ వెలుగంతా ఒక్కచోటే పడింది. కాసేపటికి, ఎవరో ఆజ్ఞ ఇచ్చినట్టు, ఫోన్లన్నీ ఒక్కసారే కిందికి దిగిపోయాయి.

ఆ ముసలిదాన్ని నేనే. నా పేరు తామ్. అప్పట్నుంచి రోజూ వంతెన మీదికొచ్చి కనబడ్డవాళ్ళనల్లా అడుగుతున్నాను. అప్పుడు ఇక్కడే ఉన్న పళ్ళమ్మే మనిషి బుట్టలెత్తుకుని పారిపోతుంది. లాంతర్లు అమ్మే కుర్రాడు చెవిటివాడైపోతాడు. ఫొటోలు ఫోన్లోంచి చెరిపేశామంటారు కొందరు. ఎందుకు చెరిపేశారయ్యా అంటే మొహం తిప్పేసుకుంటారు.

సరే. నేను చూసింది నేను చెప్తాను. ఆఖర్న మీ వంతు.

నేను పడవలో పుట్టినదాన్ని. యుద్ధం రోజుల్లో చీకట్లో మనుషుల్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించాను. యుద్ధమయ్యాక బాంబు గుంటలు పూడ్చి వాటిమీద వరి నాటాను. తరవాత ఊళ్ళోకి పర్యాటకులు రావడం మొదలైంది. తెడ్డు వేసే ముసలమ్మలు రేవుకి అందం కాదు, ఖాళీ చెయ్యండి అన్నారు అధికారులు. మేం ఆడవాళ్ళం పడవలన్నీ నదికి అడ్డంగా కట్టి, వాటిలోనే వండుకుని, వాటిలోనే పడుకున్నాం. వాళ్ళే దిగొచ్చారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను తేలిగ్గా జడిసే మనిషిని కాను. లేనిది చూసే మనిషిని అసలే కాను.

లాయ్ నా మనవరాలు. లాయ్ అంటే మా భాషలో మల్లె. అది నా కడుపున పుట్టినవాళ్ళకి పుట్టింది కాదు. నది దగ్గర్నుంచి లాక్కున్నాను.

చాలా ఏళ్ళ కిందట ఒకసారి వరద మార్కెట్ కప్పు దాకా వచ్చింది. మేడ కిటికీల పక్కనుంచి పడవలు నడుపుతూ జనానికి అన్నం పొట్లాలు అందిస్తున్నాం. కొట్టుకొస్తున్న తలుపు చెక్కని పట్టుకుని ఒక పసిపిల్ల కనిపించింది. ఎర్రచుక్కల చొక్కా. నా పడవ దగ్గరికి వచ్చేసరికి చెక్క జారిపోయింది. పిల్ల నా వైపు చూసింది.

"చెయ్యి ఇవ్వు అవ్వా," అంది.

అంతే, మునిగిపోయింది. నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమాను. జుట్టు దొరికింది.

మా నది జనంలో ఒక కట్టుబాటు ఉంది. మునిగిపోయే మనిషిని లాగకూడదు. అది నదిరాజు నోటి దగ్గరి ముద్ద. లాక్కుంటే ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తన ముద్ద తాను అడుగుతాడట. ఇంటి కప్పుల మీద కూర్చున్న మగాళ్ళంతా అరిచారు.

"వదిలెయ్ తామ్! తరవాత ఏడుస్తావు!"

"ముందు మీరు ఏడవండి, పిరికిపందల్లారా!" అన్నాను. లాగాను.

ఆ పడవలో నాతోపాటు నా మరిది వియెన్ ఉన్నాడు. పడవలు కట్టే పనివాడు. మంచివాడు, భయస్తుడు. ఆ రాత్రే నా దగ్గర కూర్చుని బతిమాలాడు. పిల్లకి మారుగా ఒక గడ్డిబొమ్మ చేసి, పిల్ల ఒంటిమీది బట్ట దానికి తొడిగి నదికి ఇచ్చేద్దాం, ముద్దకి ముద్ద సరిపోతుంది అన్నాడు. మావాళ్ళు అలాగే చేస్తారు.

"బొమ్మనిస్తే నేను దొంగతనం చేశానని ఒప్పుకున్నట్టే కదా వియెన్? పసిదాన్ని తల్లి ఒళ్ళోంచి ఎత్తుకుపోయింది ఎవరు, నేనా? నదికి కావాలంటే వచ్చి నన్నడగమను. నేనెక్కడికీ పోను."

చొక్కా ఉతికి పెట్టెలో దాచాను. కన్నవాళ్ళెవరైనా వెతుక్కుంటూ వస్తే ఆనవాలు చూపించాలి కదా. ఎవరూ రాలేదు. పిల్ల పెరిగింది. నాకంటే పొడుగైంది. నాకంటే గట్టిగా అరవడం నేర్చింది.

ఈ వేసవిలో వియెన్ దానికి సొంతంగా పడవ కట్టాడు. సూర్యాస్తమయం వేళ పాత ఊరి ఒడ్డు వెంబడి జనాన్ని తిప్పే పడవ. రెండు వరసల బల్లలు, పైన కప్పు, కప్పు చుట్టూ పట్టు లాంతర్లు. మా పడవలకి కళ్ళుంటాయి. పనస చెక్కతో చెక్కి ముక్కుకి రెండు పక్కలా బిగిస్తారు. అన్నీ అయ్యాక ఆఖర్న నల్లగుడ్డు దిద్దుతారు. ఆ చుక్క పడేదాకా అది చెక్క. పడ్డాక పడవ. చుక్క పెట్టేటప్పుడు అది ఎవరిదో ఆ పేరు పైకి చెప్పాలి. వియెన్ "లాయ్" అన్నాడు. చెప్తుంటే అతని గడ్డం వణికింది.

"శుభమా అని పడవ దింపుతుంటే ఏమిటయ్యా ఆ మొహం?" అన్నాను.

"దాని పేరు నది చెవిన పడింది వదినా. సొంత పడవతో నది మధ్యకి పోయిన రోజున గుర్తుపడుతుంది. ఇంకోసారి అడుగుతున్నాను. బొమ్మ చేద్దాం."

"ఇంకోసారి అడిగితే నిన్నే పారేస్తాను నదిలో."

నవ్వాడనుకున్నాను. ఆ నవ్వుని నమ్మాను.

మొదటి ప్రయాణం పున్నమికి ముందు రోజు. ఆ రోజు పాత ఊళ్ళో కరెంటు దీపాలు ఆర్పేస్తారు, లాంతర్లే వెలుగుతాయి. జనం విపరీతంగా వస్తారు. మా రేవు దగ్గర ఎప్పటిలాగే కాల్చిన మాంసం పొగ, అగరొత్తుల పొగ, నిమ్మగడ్డి వేసిన టీ వాసన. ఎండ తగ్గి పసుపు గోడలన్నీ తేనెరంగుకి తిరిగాయి. లాయ్ చుక్కాని దగ్గర నిలబడి నడుముకి కండువా బిగించింది.

"అవ్వా, తెడ్డు ముట్టుకోకు. ఇవాళ నేను నాయకురాలిని. నువ్వు ప్రయాణికురాలివి."

"ప్రయాణికురాలినైతే నా టీ ఏదే?"

"టీతో గొంతు తడుపుకుని నా మీదే అరుస్తావు. ఇవ్వను."

దనాంగ్ నుంచి బట్టల మిల్లు అమ్మాయిలు కొందరు ఎక్కారు. కూర్చోకముందే ఫొటోలు మొదలు. సైగాన్ నుంచి వచ్చిన ఫాత్ అనే లావుపాటాయన భార్యతో ఎక్కాడు. ఆయన కాలు పెట్టగానే పడవ ఒక పక్కకి ఒరిగింది.

"ఇది మునగదు కదా బామ్మా?"

"మీరు మధ్యలో కూర్చుంటే మునగదు."

"ఇంట్లో ఏళ్ళ తరబడి చెప్తున్నాను, ఒక్క మాట వినడు," అంది ఆయన భార్య. "చూడండి, మీరు చెప్పగానే ఎలా జరిగాడో!"

మిల్లు అమ్మాయిలు పడీపడీ నవ్వారు. వియెన్ మాత్రం నవ్వలేదు. వెనకభాగంలో నేల మీద చతికిలబడి, పడవ అంచుకి కట్టిన ఒక తాడు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. అది లంగరు తాడనుకున్నాను.

పాత ఇళ్ళ పక్కనుంచి మోటారు ఆపేసి తెడ్డుతో పోవడం మా పద్ధతి. లాయ్ నిలబడి తెడ్డు వేస్తుంటే చప్పుడే లేదు. వరద గుర్తులు నల్లగా మిగిలిన గోడలు, మెట్ల మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్న ముసలాళ్ళు, మార్కెట్ వెనక గుల్లలు కడిగే ఆడవాళ్ళు... అందరూ లాయ్‌ని చూసి కేకలేశారు. "నాయకురాలమ్మా, మమ్మల్నీ ఎక్కించుకో!" అని ఒకామె. "నీ బరువుకి ఇంకో పడవ కట్టించాలి పిన్నీ!" అని ఇది. నాకు ఛాతీ ఉప్పొంగింది. చూస్తున్నావా అని మనసులో నదిని అడిగాను. నీ ముద్ద ఎలా పెరిగిందో చూస్తున్నావా?

దిగువకి వెళ్ళి, నది వెడల్పయ్యే చోట కాసేపు ఆగాం. సూర్యుడు కొబ్బరి చెట్ల వెనక్కి జారాడు. నీళ్ళు ముందు ఎర్రగా, తరవాత రాగిరంగుగా, తరవాత ఏ రంగూ లేకుండా అయిపోయాయి. వెనక్కి తిరిగేసరికి ఒడ్డంతా లాంతర్లు వెలిగాయి. ఎదురుగా మీ వంతెన. మీరు.

మిల్లు అమ్మాయిలు కాగితపు దీపాలు నీళ్ళ మీద వదిలారు. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని కోరిక కోరుకున్నారు. ఆటు మొదలైంది. నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. దీపాలు మా వెనక్కి, దిగువకి, వరసగా సాగిపోయాయి.

"నా మొగుడు సన్నబడాలని కోరుకున్నాను," అంది ఫాత్ భార్య.

"దీపం అప్పుడే మునిగింది చూడు," అన్నాడాయన.

అప్పుడు నాకు వాసన తగిలింది.

వరద బురద వాసన. అది నది వాసన కాదు. ఇళ్ళల్లో నిలిచిపోయిన నీళ్ళు తీశాక, పరుపుల కింద, ధాన్యం బస్తాల కింద మిగిలే వాసన. ఎండాకాలంలో అది రాకూడదు. దాంతోపాటు తడి గడ్డి వాసన కూడా వస్తోంది.

"లాయ్, నీకేమైనా వాసన వస్తోందా?"

అది తెడ్డు వేస్తోంది. బలంగా వేస్తోంది. ఒడ్డున ఉన్న లాంతరు మాత్రం మా పక్కనే ఉంది. కదలడం లేదు. మేమే కదలడం లేదు.

"మోటారు వెయ్యి," అన్నాను.

మోటారు మొదలైంది. వెనకాల నురగ లేచింది. పడవ వణికింది. అడుగు ముందుకి పోలేదు. ఇసుకతిప్ప తగిలిందేమో అని ఇంకో తెడ్డు తీసి నిలువుగా దింపి చూశాను. తెడ్డంతా దిగింది. అడుగు తగల్లేదు.

"ఏమైంది బామ్మా?" ఫాత్ అడిగాడు.

"ఏం లేదు. నాచు చుట్టుకుంది."

మోటారు దానంతటదే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో...

టక్.

కాళ్ళ కింద. పడవ అడుగు చెక్కకి అవతలి వైపు నుంచి.

టక్... టక్.

చిన్న వేలి కణుపుతో తలుపు తట్టినట్టు.

మిల్లు అమ్మాయిల్లో ఒకతె పక్కదాన్ని గట్టిగా పట్టుకుంది. "అక్కా, అటు చూడు..." అంది గుసగుసగా.

దిగువకి పోయిన కాగితపు దీపాలు తిరిగి వస్తున్నాయి. ఆటుకి ఎదురు. తొందరేం లేదు వాటికి. ఒక్కొక్కటే వచ్చి పడవ వెనకభాగం దగ్గర, లాయ్ నిలబడ్డ చోటికి సరిగ్గా కింద, గుంపుగా ఆగుతున్నాయి. మేం వదిలిన వాటికంటే ఎక్కువ ఉన్నాయి. కొన్నింటి కాగితం ఎప్పటిదో, రంగు వెలిసిపోయి ఉంది. గాలి లేదు. పడవ కప్పుకి ఉన్న లాంతర్లు మాత్రం ముందు నుంచి వెనక్కి వరసగా ఆరిపోయాయి.

నేను వియెన్ వైపు వంగాను. అతని మొహం సున్నం కొట్టినట్టుంది.

"వదినా... నేనో పని చేశాను."

"ఏం పని?"

"బొమ్మ. గడ్డిబొమ్మ చేశాను. నీ పెట్టెలోంచి ఆ చొక్కా తీసి తొడిగాను. పడవ అడుగున కట్టాను. నది మధ్యకి రాగానే ముడి విప్పేస్తే పోతుందని... పిల్లకి పీడ వదులుతుందని..."

"సరే, చేశావు కదా. విప్పి చావు మరి!"

"విప్పేశాను." చేతిలో తాడు కొస చూపించాడు. ఖాళీ కొస. "ఎప్పుడో విప్పేశాను వదినా. అది పోలేదు."

టక్.

"ఎందుకు పోలేదు?"

అతను తన కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకున్నాడు. పరాయివాడి చెయ్యిలా చూశాడు దాన్ని.

"దానికి కళ్ళు పెట్టాను."

"ఏంటీ?"

"కావాలని కాదు వదినా. చేతిలో కుంచె ఉంది. ముఖం కట్టడం అయింది. చెయ్యి దానంతటదే దిద్దేసింది. పుట్టినప్పట్నుంచి ఏది చేసినా ఆఖర్న కళ్ళు దిద్దిన చెయ్యి... దిద్దాక చూసుకున్నాను."

మారుబొమ్మకి కళ్ళు పెట్టరు. మా వాడలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కళ్ళు లేకపోతే అది గడ్డి. నీళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోతుంది. కళ్ళుంటే దారి చూసుకుంటుంది. ఇల్లు వెతుక్కుంటుంది.

"దిద్దేటప్పుడు పేరు చెప్తావు కదా వియెన్. అలవాటుగా అదీ చెప్పావా?"

అతను తల నేలకి ఆనించేశాడు.

అప్పుడు నీళ్ళలోంచి వినిపించింది.

"చెయ్యి ఇవ్వు అవ్వా."

పసి గొంతు. ఆ వరద రోజు విన్న గొంతే. ఏళ్ళ తరబడి నా చెవిలో ఉన్న గొంతు, నేను మర్చిపోతానా?

తలెత్తి లాయ్‌ని చూశాను. తెడ్డు దాని చేతిలోంచి జారిపోయింది. ఒక కాలు పడవ అంచు మీద ఉంది. కిందికి చూస్తోంది. దాని పెదవులు కదులుతున్నాయి... చప్పుడు లేదు. నీళ్ళలోంచి మాట వస్తోంది. పెదవులు దీనివి.

"చెయ్యి... ఇవ్వు... అవ్వా..."

రెండో కాలు లేచింది.

నేను ఎలా లేచానో నాకే తెలీదు. ఎడంచేత్తో దాని నడుముకున్న కండువా పట్టుకున్నాను. అది ముందుకి లాగుతోంది. ఇంత సన్నని పిల్లకి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది? దీపాల మధ్య నీళ్ళు పక్కకి తప్పుకున్నాయి. ఒక చెయ్యి పైకొచ్చింది. చిన్న చెయ్యి. ఎర్రచుక్కల చొక్కా అంచు మణికట్టుకి అతుక్కుని ఉంది.

వియెన్ నా కాళ్ళు పట్టుకున్నాడు.

"ముట్టుకోకు వదినా! దాన్ని వదిలెయ్! అది పోతేనే ఇది మిగులుతుంది. ఒక్కటి ఇచ్చెయ్. వదిలెయ్!"

వదిలెయ్. అదే మాట. కప్పుల మీద కూర్చుని ఆ మగాళ్ళు అన్న మాట. యుద్ధంలో, వరదలో, రేవు దగ్గర, ఎప్పుడూ ఎవరో ఒకరు పొడి చోట కూర్చుని నాతో అనే మాట. ఒకటి ఇచ్చెయ్, ఒకటి దక్కుతుంది. ఎవరిది ఇవ్వాలి? ఎవరికి ఇవ్వాలి? కళ్ళు పెట్టి, పేరు పెట్టి, నా మనవరాలి చొక్కా తొడిగి, ఇప్పుడు మునిగిపో అంటే అది ఎందుకు మునుగుతుంది?

నాకు భయం వెయ్యలేదని అనను. ఆ భయంలోనే నదిని తిట్టాను. నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను.

"నీకు ఒక్క ముద్ద కూడా దక్కదు! విన్నావా? అప్పుడూ ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వను! నన్ను చెయ్యి అడిగినవాళ్ళంతా నావాళ్ళే!"

కుడిచెయ్యి నీళ్ళలో పెట్టాను.

మణికట్టు దొరికింది. గడ్డి కాదు. నా వేళ్ళ కింద ఎముక ఉంది. నాడి కొట్టుకుంటోంది.

లాగాను. భుజం ఊడిపోతుందేమో అన్నంత బరువు. అది పైకి లేస్తూ నా పట్టులోనే మెలితిరిగింది. మణికట్టు జారింది, మెడ వెనక చొక్కా పట్టు దొరికింది. పిల్లిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని నీళ్ళకి పైన ఎత్తాను. వీపు నా వైపు. తడిసిన జుట్టు, సన్నని మెడ. నీళ్ళు కారుతున్నాయి. పడవలో అందరికీ కనిపించింది కూడా అంతే.

ముఖం మీ వైపు తిరిగింది.

మీ ఫోన్ల వెలుగంతా దానిమీద పడింది. అంతదాకా వంతెన మీద ఈలలు, నవ్వులు. "లాగు బామ్మా, లాగు!" అని ఎవరో అరుస్తున్నారు. ఒక్కసారిగా... ఏమీ లేదు. గొంతులన్నీ ఆగిపోయాయి. ఒక పసివాడు మాత్రం "అమ్మా, ఆ అక్క..." అన్నాడు. తల్లి వాడి నోరు నొక్కేసింది. వెలుగులు కిందికి దిగిపోయాయి.

నేను దాన్ని పడవలోకి ఈడ్చాను. ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని వెనక్కి పడ్డాను. పడవ బాణంలా ముందుకి దూకింది. ఫాత్ బల్ల మీంచి దొర్లాడు. అమ్మాయిలు కెవ్వుమన్నారు. చుట్టూ చూస్తే కాగితపు దీపాలు బుద్ధిగా దిగువకి పోతున్నాయి.

నా కుడిచేతిలో తడి చొక్కా ఉంది. దాంట్లో గడ్డి. అంతే. నా ఎడంచేతిలో లాయ్ ఉంది. ఊపిరి తీస్తోంది.

"లాయ్! లాయ్, నన్ను చూడు!"

చూసింది. లేచి నిలబడింది. చుక్కాని పట్టుకుంది. మమ్మల్నందరినీ తిన్నగా రేవుకి చేర్చింది. దారంతా ఫాత్ భార్య ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు నా భుజం తట్టి, "మీరు మంచిపని చేశారు బామ్మా," అంది. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

అందరూ దిగాక నేను మెట్ల మీద నిలబడి లాయ్ కోసం ఆగాను. నడక వచ్చినప్పట్నుంచి పడవలోంచి ఒడ్డుకి అది దూకడమే. సాయం పడితే కోపం. ఆ రోజు అంచు దాకా వచ్చి ఆగింది. చెయ్యి చాపింది.

"చెయ్యి ఇవ్వు అవ్వా."

ఇచ్చాను. చల్లగా ఉంది. అరచేతిలో ఒక గడ్డిపోచ అంటుకుని ఉంది.

తెల్లారి బొమ్మని ఎండలో పెట్టి చూశాను. మొహానికి చుట్టిన గుడ్డ బాగానే ఉంది, ముక్కు ఉంది, నోటి గీత ఉంది. కళ్ళు లేవు. నీళ్ళకి చెరిగిపోయి ఉంటాయన్నాను. వియెన్ ఒప్పుకోలేదు. పడవకి వాడే సిరా అది, ఏళ్ళ తరబడి నీళ్ళలో నానినా పోదు అన్నాడు. తరవాత అతను నా ఇంటికి రావడం మానేశాడు. కుంచెలన్నీ పొయ్యిలో పెట్టాడని విన్నాను.

లాయ్ బాగానే ఉంది. పడవ నడుపుతోంది. అన్నం తింటోంది. నవ్వమంటే నవ్వుతోంది. నా మీద అరవడం మాత్రం మానేసింది. ఇంకో సంగతి. నిద్రపోయేటప్పుడు ఊపిరి సాఫీగా తీస్తుంది, ఒళ్ళు వదిలేస్తుంది. కళ్ళు మాత్రం మూయదు. పడవ కళ్ళలాగా, అలా తెరిచే ఉంటాయి.

బొమ్మని నేను కాల్చలేదు. నదికీ ఇవ్వలేదు. ఊరంతా వచ్చి చెప్పారు, పూజారి చెప్పాడు, మళ్ళీ అదే మాట, వదిలెయ్ అని. వదలను. పూజగూటి పక్కన చాప పరిచి పడుకోబెట్టాను. పూట పూటకీ మూడు గిన్నెలు పెడుతున్నాను. ఒకటి నాకు, ఒకటి లాయ్‌కి, ఒకటి దానికి. ఇద్దర్నీ నేనే లాగాను. ఇద్దరూ నా ఇంట్లోనే ఉంటారు. ఇద్దరిలో ఎవరు ఎవరైనా సరే, నదికి మాత్రం ఇవ్వను.

తెలుసుకోవాలని మాత్రం ఉంది. రాత్రి ఏ జుట్టు నిమరాలో, ఎవరి పేరు పెట్టి పిలవాలో తెలుసుకోవాలని. నాకు వీపు కనిపించింది. పడవలో అందరికీ వీపే కనిపించింది. ముఖం చూసింది మీరు. ఆ పసివాడు అక్క అన్నాడు. చెల్లి అనలేదు, పాప అనలేదు.

నా మొహంలోకి చూసి చెప్పండి. నేను ఎత్తి పట్టుకున్నప్పుడు, మీ వైపు తిరిగిన ఆ ముఖం ఎవరిది?